శారద గారి అవార్డులకు ఏ సంవత్సరం వేయాలి?

ఊర్వశి శారద గారి అవార్డులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. జాతీయ ఉత్తమ నటిగా మూడుసార్లు: మలయాళంలో తులాభారం, స్వయంవరం, తర్వాత మన నిమజ్జనం. (తెనాలి అమ్మాయికి ముందు పట్టం కట్టింది మలయాళం వాళ్ళే, ఏం చేస్తాం!) చిక్కల్లా సంవత్సరాల దగ్గరే. స్వయంవరం 1972 సినిమా, అవార్డు ఇచ్చింది 1973లో. రెండిట్లో ఏది వేయడం పద్ధతి?

ఇంకో సాయం. జాతీయ అవార్డుల కేటలాగుల్లో జ్యూరీ ఆ నటనలో ఏం చూసి ఇచ్చిందో రెండు ముక్కలు రాస్తారు. నాకు అసలు కావలసింది అదే. నిమజ్జనం నాటి పాత కేటలాగు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పెట్టగలరా? నంది అవార్డుల అధికారిక జాబితా ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి, ప్లీజ్.