ఉమ్మడి ఫోల్డర్‌కు 2775 చాలా, ఏసీఎల్ పెట్టాల్సిందేనా?

నల్లతెర:
లినక్స్ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో అయిదుగురు రాయాలి. అందరూ ఒకే గ్రూపు, కొందరు ఎస్ఎఫ్‌టీపీలో (నెట్ మీదుగా ఫైళ్లు పంపే పద్ధతి) వస్తారు. 777 (అందరికీ అన్ని అనుమతులు) తప్పని తెలుసు. సెట్‌జిడ్ (కొత్త ఫైళ్లకు ఫోల్డర్ గ్రూపునే ఇచ్చే బిట్, 2775లోని మొదటి 2) చాలని కొందరు, ఏసీఎల్ (ఒక్కో యూజర్‌కు, గ్రూపుకు విడివిడిగా అనుమతులిచ్చే జాబితా) లేనిదే కుదరదని కొందరు అంటున్నారు. ఏది నయం?

రూట్‌వేరు:
2775 చాలు (సొంతదారు, గ్రూపు రాయగలరు, ఇతరులు చదవగలరు). బయటివాళ్లు చదవకూడదంటే 2770. ముందు యూజర్‌మాడ్ -ఏజీతో అందరినీ గ్రూపులో చేర్చండి. అందులో -ఏ మరిచిపోతే ఆ యూజర్ పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. చేర్చాక మళ్లీ లాగిన్ అవ్వాలి, నడుస్తున్న సెషన్‌కు కొత్త గ్రూపు అంటదు. ఆపైన లోపల పుట్టే ప్రతి ఫైలూ ఫోల్డర్ గ్రూపుతోనే పుడుతుంది.

ఆక్టల్:
మెలిక అక్కడే ఉందండీ. సెట్‌జిడ్ ఇచ్చేది గ్రూపును, రాసే అనుమతిని కాదు. యూమాస్క్ (కొత్త ఫైలుకు ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సంఖ్య) 022 ఉంటే ఫైలు 644గా పుడుతుంది, మిగతా నలుగురూ చదవడమే తప్ప రాయలేరు. 002 కావాలి. ప్రొఫైల్‌లో పెట్టిన యూమాస్క్‌ను క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపేది) చూడనే చూడదు. ఫోల్డర్‌కు డీఫాల్ట్ ఏసీఎల్ (లోపల పుట్టే ఫైళ్లకు వర్తించేది) ఉంటే యూమాస్క్ గొడవే ఉండదు.

రూట్‌వేరు:
ఏసీఎల్ ఉన్న ఫైలు మీద ఎవరైనా సీహెచ్‌మోడ్ (అనుమతులు మార్చే ఆదేశం) 640 కొట్టారనుకోండి. మధ్యలోని 4 వెళ్లేది మాస్క్‌కి (ఏసీఎల్ అనుమతులకు పై హద్దు). పేరు పెట్టి ఇచ్చిన రాసే అనుమతి చడీచప్పుడు లేకుండా పోతుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్‌లో కనబడేది చివరి + ఒక్కటే. ఏసీఎల్‌ను చూపే గెట్‌ఎఫ్ఏసీఎల్ తెరిచి చూసేదెవరు?

ఆక్టల్:
అది నిజమే. కానీ రేపు ఒక గ్రూపు రాయాలి, మరో గ్రూపు చదవాలి, మిగతావాళ్లకు ఏమీ ఉండకూడదు అంటే? తొమ్మిది బిట్లలో (సొంతదారు, గ్రూపు, ఇతరులకు మూడేసి) రెండో గ్రూపుకు చోటేది?

తాళంచెవి:
ఆ అవసరం వచ్చినప్పుడు ఏసీఎల్, ఇప్పుడైతే 2775. ఎస్ఎఫ్‌టీపీకి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల్లోని ఇంటర్నల్-ఎస్ఎఫ్‌టీపీ లైను చివర -యూ 002 చేర్చండి.

ఇద్దరూ వదిలేసింది ఎంవీ (ఫైలును తరలించే ఆదేశం). ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఎంవీ చేస్తే ఫైలు పాత గ్రూపు, పాత అనుమతులతోనే వస్తుంది. మీ రెండు పద్ధతులూ దానికి అంటవు. సీపీ (కాపీ) చేస్తే గ్రూపు మారుతుంది గానీ, మూలం 644 అయితే గ్రూపుకు రాసే అనుమతి అప్పుడూ రాదు.

ఇంకోటి, ఫోల్డర్‌లో రాయగలిగినవాళ్లు 444 ఫైలునైనా తుడిచేయగలరు. అది వద్దంటే 3775 (ఇతరుల ఫైళ్లను తుడవనివ్వని స్టికీ బిట్ కలిపి) పెట్టండి. అయితే కొత్త ఫైలు రాసి పాతదాని మీదకు రీనేమ్ చేసే ఎడిటర్లు అప్పుడు ఇతరుల ఫైళ్లను సేవ్ చేయలేవు.