గాలి మార్పు అలర్జీకి మందా? విశాఖకు తిరిగి రావాలనుకుంటున్నాం

మద్దిలపాలెం కోడలు

అందరికీ నమస్కారం. మేము తొమ్మిదేళ్లుగా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాం. ఇక్కడికి వచ్చిన మూడో ఏట నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఏటా ఆగస్టు సగంలో పట్టుకుంటే, శరత్కాలం చివర మంచు పడి మొక్కలు మాడిపోయేదాకా వదలవు. కళ్ల దురద, రాత్రిళ్లు ముక్కు దిబ్బడ. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి నాకు పడదని పరీక్షలో తేలింది. పోయిన ఏడాది ఏడేళ్ల మా అబ్బాయికీ ఇదే మొదలైంది. పైగా వాడు పడుకుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

మా మామగారిది ఒకటే మాట: "విశాఖ వచ్చేయండమ్మా, సముద్రపు గాలికి అన్నీ పోతాయి. పూర్వం గాలి మార్పు కోసం ఎక్కడెక్కడి వాళ్లో వాల్తేరు వచ్చేవారు." నాకూ రావాలనే ఉంది. కానీ పిల్లవాడి ఆరోగ్యం కోసమని అన్నీ సర్దుకుని వచ్చాక అక్కడా ఇదే అయితే ఎలా? వేడి ప్రాంతానికి వస్తే పుప్పొడి అలర్జీ నిజంగా తగ్గుతుందా?

లాసన్స్ బే నివాసి

తగ్గుతుంది. నేనే సాక్ష్యం. ఢిల్లీలో పదకొండేళ్లు ఉన్నాను. ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తున్నాయంటేనే భయం వేసేది. 2016లో ఇక్కడికి బదిలీ అయింది. మొదటి వేసవి గడిచేసరికి మాత్రల డబ్బా మూలన పడింది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి బీచ్ రోడ్డులో నడుస్తాను. సముద్రం మీద చెట్లు ఉండవు కదా, అటు నుంచి వచ్చే గాలిలో పుప్పొడి ఎక్కడిది? మీ మామగారి మాట వినండి.

నౌసేనా బాగ్ ఇల్లాలు

మా వారు నౌకాదళంలో పనిచేస్తారు, నాలుగు ఊళ్లు మారాం. నా అనుభవం వేరు. ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్లు నాకూ హాయిగానే గడిచింది. నేనూ అందరికీ ఇదే చెప్పాను, "విశాఖ గాలి మంచిది" అని. మూడో ఏడు వానలు మొదలవగానే పొద్దున్న లేస్తే ఇరవై తుమ్ములు. ఈసారి తేలింది పుప్పొడి కాదు, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని నల్లులాంటి పురుగులు. పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయట. చెమ్మ ఉన్నచోట బాగా పెరుగుతాయి. మన ఊళ్లో చెమ్మకు కొదవేముంది? బీరువాలో పెట్టిన పట్టుచీరలకు కూడా బూజు పడుతుంది. చలి దేశం నుంచి వచ్చేవారు పుప్పొడి గురించే ఆలోచిస్తారు, పడకగది గురించి ఆలోచించరు. అందుకే చెబుతున్నాను.

మొక్కల మాస్టారు

నేను ముప్పై ఒక్క ఏళ్లు వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. అమ్మా, మీ ప్రశ్నలో "రాగ్‌వీడ్" అనే మాట చదివి ఆగిపోయాను. మీకు ఎవరూ చెప్పి ఉండరు కానీ, ఆ మొక్కకు దగ్గరి చుట్టం ఒకటి మన ఊరి నిండా ఉంది. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానివే, రెండూ అమెరికా ఖండాల నుంచి బయల్దేరినవే. 1950లలో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకింది. రాగ్‌వీడ్ పడనివారి రక్తం వయ్యారిభామ పుప్పొడికి కూడా స్పందించవచ్చని పరిశోధనల్లో తేలింది. అంటే మీ శరీరానికి ఇది కొత్త శత్రువు కాకపోవచ్చు, ముఖం తెలిసిన శత్రువే కావచ్చు.

ఇంకో తేడా ఉంది. అక్కడ మంచు పడగానే రాగ్‌వీడ్ చస్తుంది, మీకు ఊపిరి పీల్చుకునే గడువు దొరుకుతుంది. ఇక్కడ మంచు పడదు. నేలలో తడి ఉంటే చాలు, వయ్యారిభామ ఏడాదిలో ఎప్పుడైనా మొలుస్తుంది, నెల రోజుల్లో పూతకు వస్తుంది. గడ్డిజాతులూ అంతే. వేడి ప్రాంతంలో అలర్జీకి "కాలం" అనేది చెదిరిపోతుంది. సన్నగా, పొడుగ్గా సాగుతుంది.

లాసన్స్ బే మిత్రమా, మీకు తగ్గిందంటే సంతోషమే. అక్కడ మీకు పడని చెట్లు ఇక్కడ తక్కువై ఉంటాయి. కానీ సముద్రపు గాలి గురించి మీరు చెప్పింది సగమే సరి. సముద్రం నుంచి గాలి వచ్చేది పగలు, నేల వేడెక్కాక. రాత్రి నుంచి తెల్లవారుజాము వరకు గాలి నేల మీది నుంచే సముద్రం వైపు వెళుతుంది. మీరు ఐదింటికి పీల్చేది కొండల మీదుగా, ఊరి మీదుగా వచ్చిన గాలి. తీరం వెంట ఉన్న సరుగుడు తోటలనూ మరవకండి. సరుగుడు గాలికి పుప్పొడి వదిలే చెట్టు.

గాలి మార్పు నమ్మకం మనదే కాదు. అరిజోనాలో టూసాన్ అనే ఎడారి నగరం ఉంది. పొడి గాలి అని ఆయాసం, తుమ్ములు ఉన్నవారు అక్కడికి వలస వెళ్లారు. వెళ్లినవారు నీడకు మల్బరీ, ఆలివ్ చెట్లు, పెరట్లోకి బెర్ముడా గడ్డి తెచ్చుకున్నారు. కొన్ని దశాబ్దాలకు ఆ గాలి కూడా పుప్పొడితో నిండింది. చివరకు 1980లలో మల్బరీ, ఆలివ్ మొక్కల అమ్మకాన్నే అక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) నిషేధించింది. ఆ బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకుడి పూజకు మనం కోసే గరిక.

సీతమ్మధార సోదరుడు

మాస్టారూ, వయ్యారిభామ సంగతి సరే. ఏడాకుల పాల గురించి ఎందుకు మాట్లాడలేదు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లన్నీ కూల్చేశాక, తొందరగా పెరుగుతాయని ఈ చెట్లు వరుసలు వరుసలుగా నాటారు. కార్తీకం వచ్చిందంటే మా వీధిలో సాయంత్రం కిటికీ తెరవలేం. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. నవంబరంతా ఆయన కూర్చునే నిద్రపోతారు. ఆ చెట్లన్నీ కొట్టేయాలి, నా మాట అదే. ఆ అమ్మాయి పిల్లవాణ్ని తీసుకుని రాకముందు ఈ విషయం తెలియాలి.

మొక్కల మాస్టారు

నాయనా, నాన్నగారి బాధ నేను కాదనను. కానీ పుప్పొడి నేరం ఈ చెట్టు మీద పూర్తిగా మోపలేను. ఏడాకుల పాల పూలు పరాగం కోసం కీటకాల మీద ఆధారపడతాయి. ఆ పుప్పొడి సరుగుడు పుప్పొడిలా గాలికి లేచి మైళ్లు పోయేది కాదు. ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఆ ఘాటైన వాసన. అప్పటికే వాచి ఉన్న ముక్కును, ఊపిరితిత్తులను వాసన రెచ్చగొడుతుంది. అదే నెలలో చలికి పొగ, దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. అన్నీ కలిసి వస్తాయి, పూలు మాత్రం కళ్లకు కనిపిస్తాయి.

సీతమ్మధార సోదరుడు

వాసన అయితేనేమి, పుప్పొడి అయితేనేమి, ఊపిరి ఆడనివాడికి తేడా ఏముంది?

మొక్కల మాస్టారు

మందు వేసుకునేటప్పుడు తేడా ఉంది. చెట్టు కొట్టేసి, నాన్నగారికి అసలు పడనిది ఏమిటో తెలుసుకోకుండా వదిలేస్తే వచ్చే కార్తీకంలో మళ్లీ ఇదే మాట. అయితే మీ మాటలో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఒకే జాతిని వీధుల పొడవునా నాటడం తప్పు. ఆసుపత్రుల దగ్గర, బడుల దగ్గర ఉన్నవాటిని తీసి కానుగ, పొగడ, నేరేడు కలిపి నాటమని నేనూ అర్జీలో సంతకం పెడతాను. అన్నీ ఒక్కసారి నరికితే మాత్రం ఒప్పుకోను. హుద్‌హుద్ తర్వాతి వేసవుల్లో నీడ లేని రోడ్లు ఎలా ఉన్నాయో నాకు గుర్తుంది.

ముక్కు చెవి గొంతు వైద్యురాలు

చెట్ల చర్చలో పిల్లవాడి సంగతి మరుగున పడింది. అమ్మా, పిల్లికూతలు ఉన్నాయంటే అది ముక్కుతో ఆగలేదు, ఉబ్బసం కావచ్చు. ఊరు మారేదాకా ఆగకండి, అక్కడే ఇప్పుడే పిల్లల వైద్యులకు చూపించండి. ఇంటికి తెచ్చిన పీల్చే మందును "అలవాటైపోతుంది" అని పెద్దవాళ్లు ఆపించే ఇళ్లు ఇక్కడ రోజూ చూస్తున్నాను. దయచేసి అలా చేయనివ్వకండి.

ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే ఒక్క రోజులో ఫలితం ఇవ్వదు. పుప్పొడి కాలానికి ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టి రోజూ వాడాలి. దిబ్బడ తీసే చుక్కల మందు దీనికి భిన్నం. అది వరుసగా ఐదు రోజులకు మించి వాడితే దిబ్బడ మరింత పెరుగుతుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచిదే, అయితే కాచి చల్లార్చిన నీళ్లే వాడండి.

గాలి మార్పు గురించి నా అభిప్రాయం: మందు కాదు, మార్పు మాత్రమే. అలర్జీ స్వభావం ఉన్న శరీరం కొత్త చోట కొత్త పుప్పొడిని గుర్తుపట్టడానికి తరచు రెండు మూడేళ్లు తీసుకుంటుంది. నౌసేనా బాగ్ ఆవిడకు జరిగింది అదే. మొదటి ఏడాది హాయిని చూసి మందులు పారేయకండి.

మద్దిలపాలెం కోడలు

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. అలర్జీ తగ్గించే ఇంజెక్షన్లు ఇక్కడ వచ్చే నెల మొదలుపెడదామన్నారు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుందట. వచ్చేసేటట్లయితే మొదలుపెట్టడం దండగా, డాక్టరు గారూ?

ముక్కు చెవి గొంతు వైద్యురాలు

మధ్యలో ఆపేసేటట్లయితే ఇప్పుడు వద్దు. ముందు ఊరు సంగతి తేల్చుకోండి. వస్తే, ఇక్కడి పుప్పొళ్లతో చర్మ పరీక్ష చేయించుకుని అప్పుడు ఆలోచిద్దాం. పరీక్షకు వారం ముందు నుంచి సెటిరిజిన్ లాంటి అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే పరీక్ష తప్పు చెబుతుంది. ఏది ఆపాలన్నా మీ డాక్టరును అడిగే ఆపండి. పిల్లవాడి పీల్చే మందు మాత్రం ఆపకండి.

మద్దిలపాలెం కోడలు

సరేనండి. మేము వస్తున్నాం. ఆరోగ్యం కోసం అని కాదు, మామగారికి తోడు కావాలి, పిల్లవాడు తాతగారి దగ్గర పెరగాలి. ఆ మాట ముందే చెప్పుకుంటే రేపు తుమ్ము వచ్చినప్పుడు ఎవరినీ నిందించుకోనక్కరలేదు. పరుపుకు, దిండ్లకు మూసి ఉంచే గలీబులు ఇక్కడి నుంచే తెస్తున్నాను.

మాస్టారు గారూ, ఒక్క ప్రశ్న. మామగారి ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది. ఆయన వీడియోలో చూపించారు. నడుము ఎత్తు మొక్కలు, చీలికల ఆకులు, చిన్న చిన్న తెల్లని పూలు. అదేనా?

మొక్కల మాస్టారు

అదేనమ్మా. పూత రాలి గింజ పడకముందే పీకాలి. ఒట్టి చేతులతో వద్దు, చర్మానికీ పడదు. చేతొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా వస్తాయి. మీ మామగారిని మాత్రం దిగనివ్వకండి. నేను ఉండేది ఇసుకతోటలో, నడిచి వచ్చేంత దూరం. ఆదివారం పొద్దున్న ఇద్దరు పాత విద్యార్థులను వెంటబెట్టుకుని వస్తాను, స్థలం యజమానిని అడిగి ఉంచమనండి.

సీతమ్మధార సోదరుడు

నేనూ వస్తాను మాస్టారూ. నాన్నగారి పరీక్ష సంగతి కూడా అక్కడే మాట్లాడాలి.