రోలర్ ప్రెస్ బేరింగులకీ కిల్న్ గేర్‌కీ ఒకే గ్రీజు: సాధ్యమేనా, సబబేనా?

జీడిమెట్ల_కెటిల్

అందరికీ నమస్కారం. మాది చిన్న గ్రీజు యూనిట్. ఒక సిమెంట్ ఫ్యాక్టరీ నుంచి ఎంక్వైరీ వచ్చింది. రోలర్ ప్రెస్ (క్లింకర్ అనే సిమెంట్ గడ్డల్ని నలిపే మెషిన్) బేరింగులు, కిల్న్ (తిరిగే పెద్ద బట్టీ) చుట్టూ ఉండే గర్త్ గేర్, ఫ్యాన్ మోటార్లు అన్నిటికీ ఒకే గ్రీజు కావాలట. షరతులు రెండే. ఫోర్ బాల్ వెల్డ్ లోడ్ కనీసం 620 కేజీలు ఉండాలి, మోలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి జారుడు పొడి) 5 శాతం ఉండాలి. బేస్ ఆయిల్ చిక్కదనం గురించి ఒక్క ముక్క రాయలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ స్పెసిఫికేషనే తప్పు. ఫోర్ బాల్ టెస్టులో కింద మూడు ఉక్కు బాల్స్ కదలకుండా ఉంటాయి, పైన ఒకటి నిమిషానికి 1770 చుట్లు తిరుగుతుంది. ఒక్కో లోడు దగ్గర 10 సెకన్లు. బాల్స్ అతుక్కుపోయిన లోడే వెల్డ్ లోడ్. అంటే గ్రీజు చేతులెత్తేసే క్షణాన్ని కొలిచే పరీక్ష అది. ఏళ్ల తరబడి బేరింగ్ ఎలా నడుస్తుందో అది చెప్పదు. లిథియం సబ్బుతో చిక్కబరిచే లిథియం కాంప్లెక్స్ గ్రీజులో మోలీ, గ్రాఫైట్, సల్ఫర్-ఫాస్ఫరస్ అడిటివ్ దట్టిస్తే 620 వచ్చేస్తుంది. బేరింగ్ బతుకుతుందా అన్నది వేరే లెక్క.

రోలర్ ప్రెస్‌కి నేనైతే ఇంకో రకం గ్రీజు, కాల్షియం సల్ఫొనేట్ కాంప్లెక్స్ ఇస్తాను. బేస్ ఆయిల్ 460 గ్రేడ్ (40 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం, సెంటీస్టోక్స్ లెక్కలో), మోలీ ఉండదు, వెల్డ్ లోడ్ 500. గేర్‌కీ మోటార్లకీ వేర్వేరు గ్రీజులు. మీరేమంటారు?

మిల్లు_ఫిట్టర్

మోలీ లేకుండా రోలర్ ప్రెస్‌కా? సార్, మీరు ఎప్పుడైనా ఆ మెషిన్ పక్కన నిలబడ్డారా? రెండు రోల్స్ మధ్య క్లింకర్ నలుగుతుంటే కాళ్ల కింద ఫ్లోర్ అదురుతుంది. అంత లోడు మీద మోలీ తీసేస్తాననడం నాకు మింగుడు పడట్లేదు.

చీమకుర్తి_పొక్లెయిన్

బకెట్ పిన్నులకు మేం 3 శాతం మోలీ గ్రీజే వాడతాం. మామూలుది కొడితే బుష్‌లు తొందరగా పోతున్నాయి. మోలీని ఏమీ అనకండి.

జీడిమెట్ల_కెటిల్

చీమకుర్తి అన్నా, మీ పిన్ను విషయంలో మీరే కరెక్ట్. పిన్ను గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. ఆయిల్ పొర ఏర్పడే వేగమే ఉండదు. పైగా బండ దెబ్బలు. అక్కడ ఉక్కుకీ ఉక్కుకీ మధ్య మిగిలేది మోలీయే. తిరిగే రోలర్ బేరింగ్ సంగతి వేరు.

ఫిట్టర్ గారికి ఒక లెక్క చూపిస్తాను. సగటు వ్యాసం 700 మి.మీ. ఉన్న బేరింగ్, నిమిషానికి 20 చుట్లు అనుకుందాం. కేటలాగ్ ప్రకారం నడిచే వేడి దగ్గర ఆయిల్‌కి దాదాపు 140 సెంటీస్టోక్స్ చిక్కదనం ఉండాలి. బేరింగ్ 60 డిగ్రీల్లో ఉంటే 220 గ్రేడ్ ఆయిల్ 80 దగ్గరికి పలచబడుతుంది. 460 గ్రేడ్ 150 దగ్గర ఉంటుంది. అంటే 220తో చేసిన గ్రీజులో ఎంత మోలీ కలిపినా ఆయిల్ పొర చాలదు. 460 వేస్తే పొర దానంతటదే నిలబడుతుంది. మన దగ్గర అమ్మే మామూలు ఈపీ 2 (ఎక్కువ లోడుకి అడిటివ్ కలిపిన, 2 గ్రేడ్ గట్టిదనం ఉన్న) గ్రీజులు చాలావరకు 150, 220 మధ్యలో ఉంటాయి. ముందు అది మార్చాలి. మోలీ అవసరమా కాదా అన్నది ఆ తర్వాత.

అదే లెక్క మోటార్‌కి వేయండి. 1500 చుట్లు, 100 మి.మీ. వ్యాసం ఉంటే 12 సెంటీస్టోక్స్ చాలు. అక్కడ 460 పెడితే గ్రీజుని చిలకడానికే శక్తంతా పోయి బేరింగ్ వేడెక్కుతుంది. ఇక గర్త్ గేర్‌కి స్ప్రే నాజిల్‌లోంచి వచ్చేంత మెత్తగా, 0 లేదా 00 గ్రేడ్ (ఇది గ్రీజు గట్టిదనం అంకె, ఆయిల్ గ్రేడ్ కాదు) కావాలి. అందులో ఆయిల్ మాత్రం వెయ్యి సెంటీస్టోక్స్ దాటి ఉండాలి. ఈ మూడూ ఒకే బ్యారెల్‌లో ఎలా కుదురుతాయి?

మిల్లు_ఫిట్టర్

లెక్క బాగానే ఉంది. మా దగ్గరికి వచ్చిన బ్యారెల్ మీద కూడా 460 అనే ఉంది. సల్ఫొనేట్ అనే ఉంది. డ్రాపింగ్ పాయింట్ (గ్రీజు కరిగి చుక్కగా రాలే వేడి) 300 డిగ్రీల పైన అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. షట్‌డౌన్‌లో కవర్ తీసి చూస్తే పైకి గ్రీజు నిండా ఉంది. వేలితో తోస్తే కదల్లేదు, స్క్రూ డ్రైవర్‌తో గీకితే పెళ్లలుగా లేచింది. ఆ పెళ్లల కింద రోలర్ చివరలు ఒరుసుకుపోయి ఒక పక్క నీలం తిరిగి ఉన్నాయి. గ్రీజు ఉంది, అందులో ఆయిల్ లేదు.

సప్లయర్ వచ్చి మీరు ఎక్కువ కొట్టారన్నాడు. మెషిన్ కంపెనీ వాళ్లు తక్కువ కొట్టారన్నారు. మెమో నా చేతికొచ్చింది. ఇప్పుడు చెప్పండి, నేను 460 అన్న అంకెని నమ్మాలా?

ల్యాబ్_శైలజ

ఫిట్టర్ గారూ, ఆ గ్రీజు గురించి రెండు విషయాలు అడగాలి. పంపు నుంచి బేరింగ్ దాకా లైన్ పొడవు ఎంత? అంతకుముందు అదే లైన్లో ఏ గ్రీజు నడిచింది?

సల్ఫొనేట్ గ్రీజు మంచిదే, కానీ అది కెటిల్‌లో, అంటే గ్రీజు వండే పాత్రలో, సరిగ్గా కుదరాలి. మొదట్లో అందులో కాల్షియం కార్బొనేట్ ఏ ఆకారమూ లేకుండా ఉంటుంది. ప్రమోటర్లు వేసి వేడి చేస్తే కాల్సైట్ స్ఫటికంగా మారుతుంది. అప్పుడే నూనెలా ఉన్నది చూస్తుండగానే చిక్కబడుతుంది. ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో 862 దగ్గరున్న శిఖరం 882 దగ్గరికి జరిగిందా లేదా చూస్తాం. పూర్తిగా జరగకపోతే వాడకంలో గ్రీజు గట్టిపడొచ్చు, ఆయిల్ వదలకపోవచ్చు. ఇంకో విషయం, ఈ రకంలో థికెనర్ (ఆయిల్‌ని చిక్కబరిచే పదార్థం) శాతం లిథియం కంటే చాలా ఎక్కువ. 460 ఆయిల్, 2 గ్రేడ్, పొడవాటి సన్న లైన్, డిసెంబర్ తెల్లవారుజాము, ఇవన్నీ కలిస్తే పంపు తోయలేదు. సర్టిఫికెట్‌లో ఉన్న డ్రాపింగ్ పాయింట్‌కీ దీనికీ సంబంధం లేదు.

మిల్లు_ఫిట్టర్

లైన్ 30 మీటర్లకు పైనే మేడమ్. ముందు లిథియం కాంప్లెక్స్ నడిచింది. లైన్ కడగమని మాకెవరూ చెప్పలేదు.

జీడిమెట్ల_కెటిల్

అయితే అసలు విషయం తేలిపోయింది. పాత గ్రీజు మీద కొత్తది తోశారు. రెండూ కలుస్తాయో లేదో చూడలేదు, లైన్ కడగలేదు. గ్రీజుని నిందించి లాభం లేదండీ. మా దగ్గరికొచ్చే కంప్లయింట్లలో సగం ఇలాగే ఉంటాయి. చేతిలో గ్రీజు గన్ ఉన్నవాడికి లోపల ఏముందో తెలియదు.

మిల్లు_ఫిట్టర్

అదిగో, వచ్చేసింది. గన్ పట్టినవాడిదే తప్పు. బ్యారెల్ దించేటప్పుడు మీ మనిషి వచ్చి టీ తాగి బిల్లు మీద సంతకం తీసుకుని పోతాడు. లైన్ కడగాలన్న మాట చెప్పాల్సింది ఎవరు? ఎండాకాలం 45 డిగ్రీల్లో ప్రీహీటర్ టవర్ ఎక్కి గ్రీజు ఎక్కించే నిపుల్ వెతుక్కునేది మేము. ఏసీ గదిలో కెమిస్ట్రీ చెప్పడం తేలిక.

జీడిమెట్ల_కెటిల్

ఏసీ గది కాదు సార్. 12-హెచ్‌ఎస్‌ఏ అనే కొవ్వు ఆమ్లం కరిగించి లిథియం హైడ్రాక్సైడ్ నీళ్లు పోసినప్పుడు నురగ పైకి పొంగుతుంటే కెటిల్ పక్కన నిలబడేది నేనే. 200 డిగ్రీల దాకా వేడి చేసి మళ్లీ చల్లార్చాలి. ఏ డిగ్రీ దగ్గర చల్ల ఆయిల్ పోశానన్నదాన్ని బట్టి సబ్బు నార కుదురుతుంది. ఆ 12-హెచ్‌ఎస్‌ఏ ఆముదం నుంచే వస్తుంది, ఒకప్పుడు మన పాలమూరు, నల్గొండ రైతులు విరివిగా పండించిన ఆముదమే. 2022లో లిథియం ధర బ్యాటరీల దెబ్బకి ఆకాశాన్నంటినప్పుడు క్వాలిటీ తగ్గించమని మమ్మల్ని ఎంతమంది అడిగారో మీకు తెలియదు. మేం తగ్గించలేదు. ఆర్డర్లు పోయాయి.

అడ్మిన్

వ్యక్తిగత మాటలు వద్దు. విషయం మీద ఉండండి.

చక్కెర_ఇంజనీర్_విశ్రాంత

అడిటివ్ దట్టించడం గురించి ఒక మాట. మా చక్కెర మిల్లులో రోలర్లు నిమిషానికి నాలుగైదు చుట్లు తిరిగేవి, బేరింగులు గన్‌మెటల్‌వి. వెల్డ్ లోడ్ ఎక్కువని ఒక సీజన్‌లో సల్ఫర్ గట్టిగా ఉన్న సరుకు తెప్పించారు. సీజన్ చివర బుష్ విప్పితే నల్లగా మాడినట్టు ఉంది. వేడి మీద చురుకైన సల్ఫర్ ఇత్తడినీ కంచునీ తినేస్తుంది. అందుకే కాపర్ స్ట్రిప్ టెస్ట్ (గ్రీజులో రాగి పలక ఉంచి నల్లబడుతుందా అని చూసే పరీక్ష) చూడకుండా గ్రీజు తీసుకోవద్దని మా పిల్లలకు చెబుతుండేవాణ్ణి. ఉక్కు బేరింగులకు కూడా ఈ సంగతి వర్తిస్తుంది. 80 డిగ్రీలు దాటితే కొన్ని ఈపీ అడిటివ్‌లు మరీ చురుగ్గా మారి ఉక్కు మీద సన్నటి గుంటలకు కారణమవుతాయని బేరింగులు తయారుచేసే ఎస్‌కెఎఫ్ వాళ్లే రాశారు.

స్టోర్స్_పర్చేజ్

అందరూ పర్చేజ్‌ని తిడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఐదుగురు కొటేషన్ ఇస్తారు. ఎల్1కి, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి, ఇవ్వకపోతే ఆడిట్ వాళ్లు అడుగుతారు. పోల్చడానికి నాకు ఒక అంకె కావాలి. వెల్డ్ లోడ్ అంకె పెద్దదైతే మంచిదని టెక్నికల్ వాళ్లే రాసిచ్చారు. బేస్ ఆయిల్ చిక్కదనం కూడా రాయమంటే రాస్తాం, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

మిల్లు_ఫిట్టర్

సరే, ఇప్పుడు అసలు మాట చెబుతాను. మోలీ ఉండాలా వద్దా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఆ ఎంక్వైరీలో "అన్నిటికీ ఒకే గ్రీజు" అని రాయించింది నాలాంటి ఫిట్టరే అయ్యుంటాడు. ఎందుకో చెబుతాను.

మా దగ్గర గ్రీజు కొట్టేది కాంట్రాక్ట్ కుర్రాళ్లు. ఆరు నెలలు ఉంటారు, పోతారు. స్టోర్‌లో నాలుగు రకాల బ్యారెళ్లు, అన్నీ నీలం రంగువే, లేబుల్ మీద సిమెంట్ దుమ్ము. నైట్ షిఫ్ట్‌లో ఒక పిల్లాడు రోలర్ ప్రెస్ మోలీ గ్రీజు తీసుకెళ్లి ఫ్యాన్ మోటార్‌కి కొట్టాడు. ఆ మోటార్ బేరింగ్‌లో కంపెనీ నుంచే పాలీయూరియా అనే వేరే థికెనర్‌తో చేసిన గ్రీజు ఉంది. రెండూ కలిసి మజ్జిగలా పలచనై సీల్ దాటి కారిపోయాయి. బేరింగ్ పట్టేసింది, కిల్న్ ఆగింది. ఆ పిల్లాణ్ణి మర్నాడే పంపేశారు. వాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆ పిల్లాడి ముఖం నాకు గుర్తే.

అందుకే నాకు 95 మార్కుల గ్రీజులు నాలుగు వద్దు. 70 మార్కుల గ్రీజు ఒకటి చాలు. ఎవరు ఎక్కడ కొట్టినా ఏమీ కాకుండా ఉండాలి.

జీడిమెట్ల_కెటిల్

ఈ మాట మీరు మొదట్లోనే చెప్పి ఉంటే మోలీ గురించి ఇంత రాసేవాణ్ణి కాదు. మీ బాధ అర్థమైంది. అయినా ఒప్పుకోను. రోలర్ ప్రెస్ బేరింగ్‌కి 70 మార్కులు సరిపోవు. అక్కడ చాలీచాలని ఆయిల్ పొరతో నడిపితే ఇవాళ కాకపోతే ఏడాదికైనా బేరింగ్ పోతుంది, అది లక్షల్లో ఉండే సరుకు. మనిషి పొరపాటుని గ్రీజు ఫార్ములాతో సరిదిద్దలేం. నిపుల్‌కీ గన్‌కీ రంగులు వేయండి.

మిల్లు_ఫిట్టర్

రంగు వారంలో దుమ్ములో కలిసిపోతుంది. చూశాం.

ల్యాబ్_శైలజ

రంగు కాదు, నిపుల్ ఆకారమే మార్చేయండి. రోలర్ ప్రెస్ వైపు బటన్ హెడ్ నిపుళ్లు పెట్టించండి, మోటార్లకి మామూలు హైడ్రాలిక్ నిపుళ్లు ఉంచండి. ఒకదాని కప్లర్ (గన్ మూతి) రెండోదానికి పట్టదు. పిల్లాడికి చదువు రాకపోయినా, లేబుల్ కనపడకపోయినా గన్ ఎక్కదు. ఖర్చు పెద్దగా ఉండదు.

గ్రీజుల సంఖ్య కూడా నాలుగు అక్కర్లేదు. నెమ్మదిగా తిరిగే పెద్ద బేరింగులకి 460 సల్ఫొనేట్ ఒకటి, పొడుగు లైన్ కాబట్టి 2 బదులు 1 గ్రేడ్ లేదా 1.5 తీసుకోండి. మోటార్లకి పాలీయూరియా ఒకటి. గర్త్ గేర్ గ్రీజు స్ప్రే పంపు డ్రమ్ములోనే ఉంటుంది, గన్ దాకా రాదు.

చీమకుర్తి_పొక్లెయిన్

లోడర్ పిన్నులకి మాత్రం మోలీ ఉంచండి మేడమ్.

జీడిమెట్ల_కెటిల్

పిన్నులకి ఉంచుతాం. మేడమ్ చెప్పిన 1.5 గ్రేడ్‌కి నాకు అభ్యంతరం లేదు. ఎంక్వైరీకి జవాబులో వెల్డ్ లోడ్ 500 అనే రాస్తాను. పక్కనే ఆయిల్ చిక్కదనం, కాపర్ స్ట్రిప్, పాత గ్రీజుతో కలిపి చూసిన ఫలితం కూడా పెడతాను. 620 లేదని పక్కన పడేస్తే పడేయనివ్వండి.

స్టోర్స్_పర్చేజ్

పాత గ్రీజు శాంపిల్ అడిగి తీసుకోండి. అది ఇస్తే టెక్నికల్ వాళ్లు కాదనలేరు.

మిల్లు_ఫిట్టర్

నిపుళ్ల సంగతి వచ్చే షట్‌డౌన్‌లో మా ఇంజనీర్‌తో మాట్లాడతాను. ఒకే గ్రీజు మాట నేను వదల్లేదు, మోటార్లు తప్ప మిగతా అన్నిటికీ ఒకటే ఉండాలనే అంటాను. కెటిల్ గారూ, మీరు ఏ ఫ్యాక్టరీకి సప్లై చేసినా గ్రీజు మార్చే రోజు మీ మనిషి లైన్ దగ్గర ఉండాలి. చివరి పాయింట్‌లోంచి పాతది పూర్తిగా బయటికి వచ్చి కొత్త రంగు కనపడే దాకా కదలకూడదు. ఆ మాట కొటేషన్‌లో రాసివ్వండి, సంతకంతో.