ఇంటి ముందు ర్యాంపు ఎవరి జాగాలో? గ్రామ సభకి ముందు ఒక చర్చ

పుంతరోడ్డు:
మా పంచాయతీ వచ్చే గ్రామ సభలో కొత్త నిబంధనల ముసాయిదా పెడుతోంది. కోనసీమలో చాలా ఊళ్ళకి ఇదే గొడవ కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. అందులో ఉన్నవి మూడు. ఒకటి, ఇంటి ర్యాంపు సొంత హద్దులోనే అయిపోవాలి. డ్రైను మీద తీసి పెట్టుకునే పలకలే వెయ్యాలి, అదీ పదడుగుల వెడల్పు దాటకూడదు. రెండు, కొత్త ఇంటి స్థలాన్ని రోడ్డు కంటే రెండడుగులకి మించి మెరక చేస్తే, అక్కడి నీళ్ళు ఎటు పోతాయో ప్లానులో చూపించాలి. మూడు, ఇకముందు చేలు ప్లాట్లుగా మారితే అందులోని బోదెలు, అంటే చేల మధ్య నీళ్ళు పోయే చిన్న కాలువలు, పూడ్చకూడదు. మీరైతే ఏమంటారు? (అందరూ మొదటిదాని మీదే పడతారని నాకు ముందే తెలుసు.)

ఐదుసెంట్లు:
మొదటిది అన్యాయం. మా అమ్మకి తుంటి ఎముక విరిగి రెండేళ్ళయింది, చక్రాల కుర్చీలోనే తిరగాలి. ర్యాంపు మాకు షోకు కాదండి. చక్రాల కుర్చీకి వాలు ఒకటికి పన్నెండు ఉండాలని ఏ ఇంజినీరుని అడిగినా చెబుతాడు. అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, పంచాయతీకి ఆ సంగతి తెలుసా? ఐదు సెంట్లలో ఇల్లు కట్టి, చుట్టూ సెట్‌బ్యాక్ వదిలి, ర్యాంపు కూడా లోపలే పెట్టుకోమంటే మేం ఎక్కడ పడుకోవాలి?

ఎత్తులో కట్టుకున్నది కూడా సరదాకి కాదు. 1996 నవంబరు తుఫానుకి మా పాత ఇంట్లో మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నాం. నాకప్పుడు పదేళ్ళు. సొంతిల్లంటూ కడితే మెరక మీదే కట్టాలని ఆ రాత్రే అనుకున్నాను.

అరటిగెల:
మాకు కారు లేదు, ర్యాంపు లేదు, టెన్షన్ లేదు. సైకిలు ఎత్తి అరుగు మీద పెట్టుకుంటాను.

పల్లంవీధి:
అమ్మగారికి తొందరగా నయం కావాలి. ఇక అసలు సంగతికి వస్తాను.

మా తాత ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి అరుగెక్కడానికి రెండు మెట్లుండేవట. కంకర రోడ్డు పోయి తారు రోడ్డు వచ్చింది, ఒక మెట్టు మునిగింది. తారు మీద సీసీ పోశారు, అరడుగు. సీసీ మీద మళ్ళీ సీసీ పోశారు, ఇంకో అరడుగు. ఇప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టం మెట్లు ఎక్కడు, దిగుతాడు.

మా వీధిలో మొత్తం 31 ఇళ్ళు. అందులో 19 ఇళ్ళ ముందు డ్రైను కనిపించదు. పలకలైతే లేపుకోవచ్చు, ఇవి ఊచలు కట్టి పోసిన స్లాబులు. ఒండ్రు తీయాలంటే పార పట్టదు, మనిషి దూరలేడు. పంచాయతీ పనివాళ్ళు వచ్చి రెండు స్లాబుల మధ్య ఉన్న ఖాళీలో నాలుగు తట్టలు తీసి వెళ్ళిపోతారు. కిందటేడు దసరా వెళ్ళాక ఒక్క రాత్రి వానకి మా వంటింట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. బియ్యం డబ్బా తేలుతూ వచ్చి గుమ్మానికి కొట్టుకుంటే మెలకువ వచ్చింది. రెండు రోజులు పొయ్యి వెలగలేదు.

ఐదుసెంట్లు:
అందులో ర్యాంపు తప్పేముంది? రోడ్డు మీద రోడ్డు పోసింది నేనా? పాతది తవ్వకుండా పోసినవాణ్ణి అడగండి. ఆ ఎత్తు చూసే కదా నేను ఇంకాస్త ఎత్తు లేపింది. నేను లేపాక వాళ్ళు ఇంకో పొర వేశారు. రేపు మరో పొర వేస్తారు. పంచాయతీ ముందు తన రోడ్డుకి నిబంధన పెట్టుకుని, తర్వాత నా గుమ్మం దగ్గరికి రావాలి.

సంక్రాంతిబండి:
హైదరాబాదు నుంచి పండక్కి వచ్చినప్పుడు కారు ఎక్కడ పెట్టాలో కూడా అందులో రాయించండి.

అరటిగెల:
చెరువు గట్టున. పందేల బరి పక్కన చోటుంటుంది.

లస్కరుగారబ్బాయి:
మా నాన్న కాలువ మీద లస్కరుగా, అంటే కాలువలూ గట్లూ చూసుకునే మనిషిగా చేశారు. ఆయన సైకిలు వెనక కూర్చుని గట్లన్నీ తిరిగిన వాణ్ణి కాబట్టి ఒక మాట చెబుతాను.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. దాని కింద నడిచే పంట కాలువలు మెరక మీద ఉంటాయి, ఉంటేనే నీళ్ళు చేలల్లోకి దిగుతాయి. చేలు తాగి వదిలిన నీళ్ళు, ఊళ్ళో పడ్డ వాన పల్లంలో ఉన్న మురుగు కాలువలో పడాలి. అమలాపురం వైపు అయితే కౌశిక. వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. వచ్చే దారి కోసం మనం లాకుల దగ్గర తలలు పగలగొట్టుకుంటాం. పోయే దారిలో గుర్రపుడెక్క మొలిచినా పట్టించుకోం. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (వానాకాలం వరి) మానేసినప్పుడు చెప్పిన కష్టాల్లో మురుగు దిగకపోవడం కూడా ఒకటి.

ఇంకో సంగతి. 2022 జూలైలోలా గోదారి పోటెత్తితే మురుగు కాలువ నోటి దగ్గర తలుపులు దించెయ్యాలి, లేకపోతే ఏరే వెనక్కి ఊళ్ళోకి తంతుంది. అవి దించి ఉన్నన్ని రోజులూ ఇక్కడ పడ్డ వాన ఇక్కడే ఉంటుంది. అప్పుడు ఆ నీళ్ళని మోసేది వరి చేలు. అలాంటి చేనుని రోడ్డంత ఎత్తు బొండు ఇసకతో నింపారనుకోండి, ఆ నీళ్ళు వీధిలోకి రాక ఎక్కడికి పోతాయి? మీ ర్యాంపులన్నీ పగలగొట్టినా వస్తాయి. మీరు దెబ్బలాడాల్సింది రెండో నిబంధన, మూడో నిబంధన మీద.

పల్లంవీధి:
మీరన్నది నిజమే కావచ్చు గానీ ర్యాంపుని అంత తేలిగ్గా వదలకండి. ఐదుసెంట్లు గారు ఒకటికి పన్నెండు అన్నారు కదా, లెక్క చూద్దాం. ఆయన గుమ్మం రోడ్డు కంటే రెండున్నర అడుగుల ఎత్తు. అంటే 30 అంగుళాలు, 30 అడుగుల ర్యాంపు కావాలి. ఆయన గేటు నుంచి రోడ్డు అంచుకి ఉన్నది తొమ్మిది అడుగులు. ఆ వాలు మీద చక్రాల కుర్చీ వదిలితే ఎదురింటి గోడకి తగులుతుంది. అది కారు ర్యాంపు. అమ్మగారి పేరు ఎందుకు వాడుతున్నారు?

ఐదుసెంట్లు:
మీరు మా ఇంటి ముందు టేపు పెట్టి కొలిచారా?

పల్లంవీధి:
కొలిచాను. పొద్దున్నే పాలకి వెళ్తూ కొలిచాను. రోడ్డు పంచాయతీదే కదా.

ఐదుసెంట్లు:
అమ్మకి వేరే ర్యాంపు పక్క సందులో ఉంది, చెక్కతో చేయించాను. చాటుగా టేపు పట్టుకుని కొలిచే బదులు లోపలికొచ్చి కాఫీ తాగి అడిగితే చూపించేవాణ్ణి. నేనెవరో మీకు తెలిసినట్టే మీరెవరో నాకూ తెలిసిపోయింది. ఇక నేనూ దాచను. మీ వెనక చేను ప్లాట్లు వేశారనే కదా మీ ఏడుపు? ఆ పన్నెండు కుంచాల చేనూ అమ్మింది ఎవరండీ?

అరటిగెల:
ఆయ్, ఇప్పుడు మొదలైంది.

పల్లంవీధి:
మేమే అమ్మాం. మా అన్నయ్య బేరం కుదిర్చాడు, నేను సంతకం పెట్టాను. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, దాచడానికేముంది. కానీ మా వీధి మురుగంతా ఆ చేను గట్టు పక్క బోదెలోంచే మురుగు కాలువకి పోయేది. దాన్ని వదిలేస్తామని కొన్న వ్యాపారి నోటితో అన్నాడు. కాగితం మీద రాయించుకోలేదు, అది మా బుద్ధి తక్కువ. మట్టి తోలుతుంటే వెళ్ళి అడిగాను. నీళ్ళు పోయేందుకు తూరలు (గొట్టాలు) వేస్తామన్నాడు, వెయ్యలేదు. ఆ బోదె ఉన్న చోట ఇప్పుడు మీ తూర్పు ప్రహరీ ఉంది. అక్కడ నేను చిన్నప్పుడు మట్టగిడసలు పట్టేవాణ్ణి.

ఐదుసెంట్లు:
నా దస్తావేజులో తూర్పు హద్దు పక్క ప్లాటు. బోదె అన్న మాటే లేదు. 242 గజాలకీ గజం లెక్కన డబ్బు కట్టాను, అప్పు ఇంకా తీరలేదు. ఆ డబ్బు తిరిగి తిరిగి మీ ఇంటికే చేరింది. మీరు అమ్మేసి, నేను కొన్న మూడేళ్ళకి వచ్చి, అందులో రెండడుగులు నీళ్ళకి వదలమంటే ఎలా? మరి ఇన్నాళ్ళూ ర్యాంపు, ర్యాంపు అని ఎందుకన్నారు? ఈ మాటే ముందు అడగొచ్చుగా.

పల్లంవీధి:
ఏ మొహంతో అడగను? అమ్మినవాణ్ణి.

లస్కరుగారబ్బాయి:
1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇప్పటికీ ఉంది. పక్కవాడి నేల మీంచి ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా నీళ్ళు పారితే అది హక్కుగా నిలబడుతుంది. దస్తావేజులో రాయనంత మాత్రాన పోదు.

ఐదుసెంట్లు:
చట్టం నేనూ చదివాను. చేనూ ఇల్లూ ఒకరివే అయినప్పుడు తన నీళ్ళు తన చేలో పారించుకోవడం ఇరవై ఏళ్ళ హక్కు కిందికి రాదు.

లస్కరుగారబ్బాయి:
ఆయన ఒక్కడి ఇల్లే అయితే మీరన్నది నిజం. వీధిలో మిగతా 30 ఇళ్ళ నీళ్ళూ అందులోంచే పోయాయి కదండీ. ఆ చేను వాళ్ళది కాదు.

సంక్రాంతిబండి:
మా ఇల్లూ ఆ 30లో ఒకటి. బోదె ఉందని కూడా నాకు తెలీదు. పండక్కి వచ్చినప్పుడు దొడ్లో తడి ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పుంతరోడ్డు:
ముసాయిదా మళ్ళీ చదివాను. మూడో దాంట్లో "ఇకముందు" అనే మాట ఉంది. అంటే ఇప్పటికే పూడ్చిన బోదెలకి అది వర్తించదు. సభలో ఆ మాట తీసెయ్యమని అడగాలని కొందరు అంటున్నారు. తీసేస్తే పాతవాటికీ వర్తిస్తుంది, ఐదుసెంట్లు గారి ప్రహరీ లాంటివి ఊళ్ళో చాలా ఉన్నాయి. సభ సోమవారం కాదు, మంగళవారానికి మారింది, పొద్దున పదింటికి. ఆ మాట ఉండాలా, పోవాలా?

ఐదుసెంట్లు:
ఉండాలి. తూరలు వేస్తానన్నవాణ్ణి పట్టుకోండి, నా గోడని కాదు.

పల్లంవీధి:
పోవాలి. ర్యాంపు కూడా.