సమస్య: గుంపు వీడు మీనె కొలను నేలు

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇదిగోండి. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి.

గుంపు వీడు మీనె కొలను నేలు

గుంపు వదిలిన పరిగె చేప కొంగ నోట్లో పడుతుందని లంక పిల్లలకీ తెలుసు. అయినా పాదం ఇలా కుదిరింది, వదల్లేకపోయాను. ముందు పాదంలో ‘అనుట కల్ల’ అని పెట్టి చేతులు దులుపుకోవడం ఈసారి కుదరదు.

రాజోలు రసికుడు:
ఎఱ్ఱనైన పిల్ల లేకమై తిరుగాడు
తల్లిదండ్రి కంటఁ దగిన వరకు
కండ పట్టగానె కలిసి యుండదు కొర్ర
గుంపు వీడు మీనె కొలను నేలు

అంతర్వేది పంతులు:
రసికుడు గారూ, కొర్ర అంటే మా ఇంట్లో అన్నం వండుకునేది. మీను రెక్కలు విరిచి గణంలో ఇరికించారు. ‘కలిసి యుండదు’ కూడా మర్యాద మాట. కొర్రమీను పిల్లలు విడిపోయేది వైరాగ్యంతో కాదు. మేత చాలక సైజు తేడా వస్తే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. అందుకే నర్సరీలో ఎప్పటికప్పుడు సైజు వారీగా వేరు చేస్తారు, పండుగప్ప పిల్లలకూ అదే పని. ఇంకొకటి, ఆ ఎర్రపిల్లలు గాలి కోసం ఒక్కచోటే పైకి రావడంతో నీళ్ళు ఎసరు మరిగినట్టు కదులుతాయి. వల వేసేవాడు దాన్ని చూసే కింద కాపలా ఉన్న పెద్దదాన్ని పడతాడు. మీరు ‘తల్లిదండ్రి కంట’ అన్న చోటే వల కంట పడే చోటండీ.

రాజోలు రసికుడు:
ధాన్యం, మీను కలిస్తేనే గోదావరి భోజనం పంతులు గారూ.

కోరంగి కవి:
కొంగ జపము సేసి గుట్టుగాఁ జెప్పెను
వేయి పరిగె లున్న వేళఁ జూచి
మందలోన నీకు మన్నన యేదిరా
గుంపు వీడు మీనె కొలను నేలు

నిర్వాహకుడు:
ఆయ్! పాదాన్ని తినేవాడి నోట పెట్టారు. ఈ వారం నా ఓటు దీనికే.

ఆకివీడు ఆక్వా:
కొంగ తెలివైనదే. 1986లో లాండో, టెర్బోర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. ఎనిమిది వెండిరంగు చిన్నచేపల గుంపు మీదకి బాస్ చేపను వదిలితే దానికి గురి కుదరలేదు. ఒకటి రెండిటికి నీలం రంగు అద్దితే వేట సులువైంది, అదీ నీలంవాటికే కాదు, మామూలు చేపలకూ ముప్పు పెరిగింది. కాబట్టి కొంగకు గుంపు మొత్తం చెదరక్కర్లేదు, ఒక్కటి తేడాగా కనపడితే చాలు. ‘మన్నన యేదిరా’ సరిగ్గా ఆ ఒక్కదాన్ని తయారు చేసే మాట. నా పూరణ:

గట్టువెంట నొకటి కదలక నిలిచెనా
పేను గలదొ చూడు పెట్టి చేయి
తెగులురాజు కదియె తేరగును గనుఁగొమ్ము
గుంపు వీడు మీనె, కొలను నేలు

కొలను ఏలేది చేప కాదు, దాని మీదెక్కిన చేపపేను తెగులు.

రాజోలు రసికుడు:
విరుపు బాగుంది. ‘తేరగును’ దగ్గర ఒక లఘువు గట్టు దాటింది. ‘ను’ పీకి అరసున్న పెట్టండి, ‘తేరగుఁ గనుఁగొమ్ము’ అవుతుంది. అలాగే తెల్లవారుజామున చెరువంతా నోళ్ళు పైకెత్తితే అది తెగులు కాదు, ప్రాణవాయువు లోపం. ఆ పూట మేత ఆపి, ఏరియేటర్లు తిప్పి, కొత్త నీరు పెట్టాలి. పద్యం చదివి మందు కొడితే డబ్బూ పోతుంది, చేపా పోతుంది.

ఆకివీడు ఆక్వా:
సవరించాను. నేను రాసింది పట్టపగలు గట్టు పక్కన ఒంటరిగా నిలిచేదాని గురించి. రెక్కల మొదట్లో బిళ్ళలా పాకేది కనిపిస్తే పేనే. గుంజలకు ఒళ్ళు రాసుకునే చేపను పట్టి చూసినా దొరుకుతుంది. గుంజకు కట్టిన తవుడు సంచి దగ్గర పెద్దవి చిన్నవాటిని రానివ్వకపోతే అది వేరే సంగతి, సంచులు పెంచాలి.

అంతర్వేది పంతులు:
అందరూ ‘వీడు’ను వదిలేయడమనే అనుకుంటున్నారు. ఇక నా పద్యంలో పక్కగీత అంటే చేప ఒంటి పక్కన నీటి కదలికను పసిగట్టే గీత.

పక్కగీత చెప్పుఁ బక్కవాని కదల్క
వేయి మెఱయ వేఁట వెఱ్ఱి గాదె
ఇల్లు పల్లె యేది యీఁదెడు పరిగెకు
గుంపు వీడు, మీనె కొలను నేలు

రాజోలు రసికుడు:
వీడు అంటే ఊరు. సరే. కానీ సమాసం చేస్తే ‘గుంపు వీటి మీనె’ కావాలి, వీడు ఔపవిభక్తికం, అంటే విభక్తి ముందు ‘వీటి’గా మారే మాట గదా. పైగా గణం కోసం కదలికను ‘కదల్క’గా నలిపారు. కొర్ర అన్నందుకు నన్ను దులిపినవారు!

అంతర్వేది పంతులు:
నేను సమాసం చేయలేదు, ఆ విరామ చిహ్నాన్ని చూడండి. ఆ పరిగెకు ఊరు ఏదంటే గుంపే ఊరు. ఊరు పేరులోనే వీడున్న ఆకివీడు వారిని అడగండి. ‘కదల్క’ మాత్రం ఒప్పుకుంటాను.

ఆకివీడు ఆక్వా:
మా ఊరిని లాగకండి బాబూ. చెప్పేది పక్కగీత ఒక్కటే కాదు, కన్నూ చెబుతుంది. 1976 నాటి ప్రయోగంలో కళ్ళు మూసిన చేపలు గుంపులో నిలిచాయి, పక్కగీత కూడా తెగినవి నిలవలేదు. అయినా ఎంత దూరంలో ఉండాలో ఎక్కువగా చెప్పేది కన్నే, పొరుగుచేప వేగం, మలుపు చెప్పేది పక్కగీత.

కోరంగి కవి:
‘వేఁట వెఱ్ఱి’ కావడం పళ్ళున్న శత్రువు దగ్గరే. గుంపును చుట్టేసే రింగు వలకు కవళ్ళ గుంపు, నెత్తళ్ళ గుంపు పండగ. ఒక్కొక్కటిగా తిరిగితే ఎవరూ వల కట్టరు.

అంతర్వేది పంతులు:
అది ఇంకో పద్యం.

రాజోలు రసికుడు:
పంతులు గారు నిరుడు పులస పూరణలో దాన్ని సముద్రంలో గుడ్లు పెట్టించారు. అది వానాకాలం ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చేదే గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిన గుంపును అడిగినా చెబుతుంది. ఆ పద్యం ఇంకా సవరించలేదు.

నిర్వాహకుడు:
ఆ చర్చ నిరుడే మూసేశాం. ‘కదల్క’ బదులు ఏం పెడతారో చెప్పండి పంతులు గారూ.