డొక్కలో దెబ్బ తగిలాక ఎడమ భుజం నొప్పి: లోపల రక్తం కారుతోందా?

మా నాన్నగారికి 62 ఏళ్లు. మంగళవారం సాయంత్రం బండి జారి పడితే హ్యాండిల్ కొన ఎడమ డొక్కలో బలంగా గుచ్చుకుంది. పైకి రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ, అంతే. ఆ రాత్రే ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ తీసి అంతా నార్మల్ అన్నారు. గుండెకు రోజూ ఎకోస్ప్రిన్ 75 (రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ మాత్ర) వేసుకుంటారు. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

ఈరోజు శుక్రవారం. మధ్యాహ్నం నుంచి పడుకుంటే చాలు ఎడమ భుజం పైన నొప్పి, లేచి కూర్చుంటే తగ్గుతోంది. భుజానికి దెబ్బే తగల్లేదు, చెయ్యి అన్ని వైపులా బాగానే తిరుగుతోంది. బామ్ రాశాం, కాపడం పెట్టాం, పారాసెటమాల్ వేశాం, గుణం లేదు. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. సాయంత్రం 7కి పల్స్ 112 (మామూలుగా 76), బీపీ 104/70, ఎప్పుడూ 130 పైనే ఉండేది. పొట్ట కాస్త బిగిసింది. వాంతులు లేవు, మలంలో రక్తం లేదు. ఆయన మాత్రం గ్యాస్ అంటున్నారు, ఆయనకు అన్నీ గ్యాసే.

నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేస్తే రేపు ఓపీకి రమ్మన్నారు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి 40 కిలోమీటర్లు. ప్లీహానికి (ఎడమ డొక్కలో పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్‌కు) దెబ్బ తగిలితే కొద్ది రోజుల తర్వాత కూడా రక్తం కారొచ్చని, భుజం నొప్పి దానికో గుర్తని చదివాను. తెల్లారేదాకా ఆగకుండా ఇప్పుడే అంబులెన్స్ పిలవాల్సిన లక్షణాలేనా ఇవి?