పెద్దవాళ్లతో ద్వీప విహారానికి అండమాన్ మేలా, లక్షద్వీప్ మేలా?

వచ్చే జనవరిలో మా అమ్మానాన్నలనూ, ఆరేళ్ల పాపనూ వెంటబెట్టుకుని ఒక వారం సముద్రతీరంలో గడపాలనుకుంటున్నాము. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అందువల్ల ఓడ ఎక్కి దిగేటప్పుడు రేవు గట్టుకూ ఓడ అంచుకూ మధ్య ఉండే జానెడు సందు, అల వచ్చినప్పుడల్లా అది పెరుగుతూ తరుగుతూ ఉండటమే నాకు అన్నిటికన్నా పెద్ద ఆందోళన. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ వరకు, అంటే ఇప్పటి శ్రీవిజయపురం వరకు, విమానంలో చేరుకున్నా, రాధానగర్ తీరం చూడాలంటే హావ్‌లాక్ ద్వీపానికి మళ్లీ సముద్రం మీదే వెళ్లాలి. ఆ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. లక్షద్వీప్‌లోనైతే కొచ్చి నుంచి అగత్తి ద్వీపానికి విమానం ఉంది, పగడపు దిబ్బలు అలలను ఆపడం వల్ల లోపలి నీరు నిలకడగా ఉంటుంది కనుక పాపకు అదే మంచిదని నా మనసు మొగ్గుతోంది. అయితే అక్కడికి ముందస్తు అనుమతి తప్పనిసరి, బస చేసే చోట్లూ తక్కువే.

హావ్‌లాక్ రేవులో పెద్దవాళ్లను సిబ్బంది చెయ్యి పట్టుకుని దించుతారా? అండమాన్‌లోనే ఉన్న నీల్ ద్వీపంలోని భరత్‌పూర్ తీరంలో పిల్లలు ఆడుకునేంత లోతులేని నీరు ఎంత దూరం ఉంటుంది? అగత్తి అనుమతికి ఎన్ని రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి? నాన్నగారికి మధుమేహం ఉంది కాబట్టి, వేళకు భోజనం, అవసరమైతే వైద్యుడు ఎక్కడ సులభంగా దొరుకుతారో కూడా తెలియజేయగలరు.